రెండో కనుబొమ్మ

“కదలకు పిల్లా! నూనె మొహంతో వస్తే ఉస్మా పట్టదని ఎన్నిసార్లు చెప్పాలి? ముందు పెరుగు రాసుకో, కడుక్కో, ఆరాక రా.”

మర్గిలాన్‌లో మా వీధి ఆడవాళ్లందరికీ కనుబొమ్మలు దిద్దేది మస్తూరా అక్కే. ఉస్మా ఆకు నలిపి, బోర్లించిన టీ గిన్నె అడుగున రసం పిండి, పుల్లకు దూది చుట్టి, నాలుక కొస పళ్ల మధ్య బిగించి గీస్తుంది. పచ్చటి గీత ఆరేకొద్దీ నల్లబడుతుంది. ఈరోజు మాత్రం ఆమె చూపు మాటిమాటికీ వాకిలి వైపే పోతోంది. భార్య పోయిన రొట్టెల హాషిం వాళ్లక్క మధ్యాహ్నం ఈమెను చూడడానికి వస్తోంది. నాకు ఒక కనుబొమ్మ దిద్ది, ఆగలేక అద్దం అందుకుంది. కళ్లజోడు పెడితే కనుబొమ్మ దాని వెనక్కి పోయింది, తీస్తే అద్దమే మసకబారింది. నుదుటిమీద పచ్చటి మరక పడేసరికి పకపకా నవ్వింది.

“అరవయ్యేళ్ల పెళ్లికూతురు! ఊరందరికీ దిద్దాను, నాకెవరే దిద్దేది?”

“నేను లేనా అక్కా?” అంటూ పుల్ల లాక్కున్నాను. గిన్నె అడుగున రసం అయిపోయింది.

“పెరట్లో ఆకంతా మీ మొహాలకే అయిపోయిందే! పక్కింటి సోబిరాను గుప్పెడు అడిగి తీసుకురా. నా పేరెత్తకు, వీధంతా టముకేస్తుంది. నీ రెండో కనుబొమ్మకని చెప్పు. పరుగెత్తు, ఆరడానికి టైం కావాలి!”