కర్త ఎవరో క్రియనే అడగమన్న స్వరూపక్క

నిన్న పొద్దున డ్యూటీలో ఉండగా నరేశ్ ఫోన్ చేశాడు.

"స్వరూపక్క పోయిందే" అన్నాడు.

ఎక్కడికి అని అడిగాను.

నిజంగానే అడిగాను. మొన్న సాయంత్రమే నాకు వాయిస్ మెసేజ్ పెట్టిన మనిషి. కొత్త బ్యాచ్ పిల్లలను తిడుతూ, మధ్యలో తనే నవ్వుతూ.

నరేశ్ ఏడ్చాడు. అప్పుడు అర్థమైంది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఎంబీబీఎస్‌కు రష్యా వెళ్లేముందు మాకు రష్యన్ నేర్పిన టీచర్ ఆమె. హనుమకొండలో ఒక కన్సల్టెన్సీలో క్లాసులు చెప్పేది. డిగ్రీలో ఇంగ్లిష్ సీటు రాక రష్యన్ తీసుకుందట. ఆ తర్వాత అదే ప్రాణమైపోయింది. పెళ్లయి వరంగల్‌లో బట్టల షాపు వాళ్లింటికి వచ్చినా వదల్లేదు.

మొదట్లో ఆమె క్లాసంటే నాకు మహా చిరాకు.

మేము డాక్టర్లం అవుదామని వస్తే, ఆమె రోజూ సబ్జెక్ట్, ప్రెడికేట్ అనేది, అంటే కర్త, క్రియ. సబ్జెక్ట్ కింద ఒక గీత. ప్రెడికేట్ కింద రెండు గీతలు. ప్రతి వాక్యానికీ.

ఒకరోజు బోర్డు మీద "మ్న్యే ఖోలద్న" అని రాసింది. నాకు చలిగా ఉంది అని అర్థం. ఆ ఒక్క గీత ఎక్కడ గీయాలో తెలియక గొడవ పెట్టుకున్నాను. సబ్జెక్ట్ లేకుండా సెంటెన్స్ ఎట్లుంటది మేడం అని.

"నువ్వు ఇంగ్లిష్‌ల ఎతుకుతానవ్ బిడ్డా, అందుకే దొరుకుతలేదు. మనం 'నాకు చలివెడ్తాంది' అంటం గదా. అండ్ల నువ్వు చేసేదేమున్నది? ఏం లేదు. చెయ్యనోళ్ల కింద గీత గియ్యకు."

క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. కానీ ఆ వాక్యం ఈరోజుకీ మర్చిపోలేదు.

తర్వాత కన్సల్టెన్సీ ఓనర్‌కు గ్రామర్ బరువైంది.

"పిల్లలకు బోర్ కొడ్తాందట మేడం. నమస్తే, థాంక్యూ, నొప్పెక్కడ... గివి బట్టీ పట్టిస్తె చాలు" అన్నాడు, మా ముందే.

"నొప్పెక్కడ అని అడుగుతరు సరే. పేషెంటు జవాబు చెప్తడు గద సార్, అది ఎట్ల సమజైతది?" అంది అక్క.

ఆ బ్యాచ్ అయిపోగానే ఆమెను తీసేశారు.

నరేశ్ అదే ఏడాది ఆ తర్వాతి బ్యాచ్. నర్సంపేట దగ్గర పత్తి రైతు కొడుకు. వాడికి వాక్యాలు బట్టీ పట్టించి విమానం ఎక్కించారు. అక్కడ ఇద్దరం ఒకే గ్రూపులో పడ్డాం.

వార్డులో కేసులు రాయడం మొదలైన కొత్తలో ఒక ముసలావిడ వాడితో చెప్పింది, "ముజా ఉకుసీలా సబాకా" అని. ముజా అంటే భర్త, సబాకా అంటే కుక్క, మధ్యలోది కరవడం. ఆవిడ చెప్పిన వరుసలోనే వీడు అర్థం చేసుకున్నాడు.

భర్త కుక్కను కరిచాడని కేస్ షీట్‌లో రాశాడు.

ప్రొఫెసర్ దాన్ని అందరి ముందు పైకి చదివాడు.

ఆ తర్వాత నరేశ్ రూమ్ నుంచి బయటికి రాలేదు. బ్యాగ్ సర్దుకున్నాడు. "ఇగ నాతోని కాదు, ఇంటికి పోత" అన్నాడు. నాకేం చేయాలో తోచక అక్కకు వీడియో కాల్ చేశాను. షాపులో చీరల మధ్య కూర్చుని ఉంది. వాడు తన స్టూడెంట్ కూడా కాదు.

"భర్త ముందొచ్చిండని ఆయనే కరిచిండనుకున్నవా నాయినా? 'మా ఆయన్ను కుక్క కరిచింది' అంటం గదా. అండ్ల గూడ ముందున్నది ఆయనే. మరి కరిచిందెవరు? క్రియనే అడుగు. 'కరిచిండు' అన్నదా, 'కరిచింది' అన్నదా? రష్యన్ల గూడ గంతే. 'ఉకుసీలా' చివర 'లా' ఉన్నది చూడు, అంటే మొగోడు కాదు. సబాకానే కర్త."

వాడు కాసేపు నోట్లో నోట్లో అనుకున్నాడు. కరిచిండు, కరిచింది. తర్వాత నవ్వాడు.

ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం ఫోన్‌లో క్లాస్. వాడు బ్యాగ్ విప్పాడు. ఇప్పుడు వాళ్ల ఊరి పక్కనే డాక్టర్.

ఇక నా కోపం సంగతి.

అక్క షాపు పై గదిలో సొంతంగా క్లాసులు పెట్టుకుంది. నిన్న ఆ గది కిందే కూర్చుని వాళ్లాయన శ్రీనన్న చెప్పాడు.

"కొన్ని దినాల సంది ఛాతిల మంట అన్నది. దవాఖానకు పోదామంటె, పిల్లలకు టెస్ట్ ఉన్నది, అయిపోనియ్యి అన్నది. గ్యాస్ గోలీ ఏసుకున్నది. జర గూడ ఫికర్ చెయ్యకన్నది."

గ్యాస్ గోలీ!

ఈ ఊళ్లో ఏ హాస్పిటల్‌కు వెళ్లినా ఆమె దగ్గర చదువుకున్న డాక్టర్ ఒకరుంటారు. ఒక్కరికీ ఫోన్ చేయలేదు. నాకు వాయిస్ మెసేజ్ పెట్టింది కదా, అందులో ఒక్క ముక్క చెప్పొచ్చు కదా. పిల్లలు క్రియ కింద ఒకటే గీత గీస్తున్నారని చెప్పింది కానీ, ఛాతీ మంట అని చెప్పలేదు.

ఎవరి మీద అరవాలి నేను?

ఈ పొద్దున చూస్తే ఆ కన్సల్టెన్సీ వాళ్లు స్టేటస్ పెట్టారు. అక్క ఫోటో, చుట్టూ పూలు, "మా ప్రియమైన ఫ్యాకల్టీ" అని. కింద అడ్మిషన్లు జరుగుతున్నాయని ఫోన్ నంబర్.

తీసేసింది మీరే కదా అని రిప్లై ఇచ్చాను. బ్లాక్ చేశారు. చేసుకోనీ.

పిల్లల టెస్ట్ ఆదివారం నరేశ్, నేను పెడతాం. పేపర్లు కూడా మేమే దిద్దుతాం. శ్రీనన్న గది తాళం ఇచ్చాడు.

పోయిరా అక్కా. ఇగ ఎవ్వలితోని కొట్లాడకు. నిమ్మళంగ ఉండు.