సగంలో ఆగిన వెనక చక్రం

ఆ ఆదివారం పొద్దున నాకు కోపం వచ్చింది నిపుల్ మీద. సైకిల్ పుల్ల రిమ్‌లోకి దూరేచోట ఉండే చిన్న ఇత్తడి మర అది. బుల్లి పానాతో ఒక వైపు తిప్పితే పుల్ల బిగుస్తుంది, ఇంకో వైపు తిప్పితే వదులవుతుంది. చక్రం వంకర తీయడమంటే ఇంతే పని. అంతకు ముందు ఎన్నో చక్రాలకు తిప్పిన పానా ఆ రోజు నా వేళ్ల మధ్య నిలవడం లేదు.

"ఈ నిపుల్ జామ్ అయిందండీ, కాస్త నూనె చుక్క వేయండి" అని మా ఆయన్ని పిలిచాను.

యాదగిరి వచ్చి, పానా కూడా పెట్టకుండా, రెండు వేళ్లతో దాన్ని గిర్రున తిప్పేశాడు.

"ఏంది పద్మా, గిట్ల తిరుగుతుంటే జామంటవ్? పొద్దుగాల ఏం తిన్లేదా?"

ఇద్దరం నవ్వుకున్నాం. లేచి నిలబడబోతే రెండు అరికాళ్లలోనూ తిమ్మిరి. చాలాసేపు కింద కూర్చున్నాను కదా అనుకున్నాను. ఆ తరువాత నా చేయి పానా పట్టడానికి చాలా నెలలు పట్టింది.

అవి తొంభైల చివరి రోజులు. లింగంపల్లిలో కిరాయి ఇల్లు. యాదగిరి ఆ చుట్టుపక్కల పుట్టి పెరిగినవాడే, దగ్గర్లోని ఫ్యాక్టరీలో టెక్నీషియన్. నాది కాకినాడ. మాదాపూర్‌లో గుండ్రటి కొత్త భవనం లేచిన రోజుల్లోనే నాకు అక్కడో సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉద్యోగం దొరికింది. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తప్పు లెక్కలు చెబుతాయని భయపడి, ఏడాది అంకెల్ని సరిచేస్తూ కూర్చునే పని మాది. ఆఫీసు కిటికీలోంచి చూస్తే రాళ్లగుట్టలే కనిపించేవి. మధ్యాహ్నం మేకలు కూడా.

ఆ రాళ్ల మీద ఆదివారాలు సైకిల్ తొక్కే పిచ్చి యాదగిరిది. లావు టైర్ల గేర్ల సైకిల్ మీద, తనలాంటి నలుగురైదుగురితో నానక్‌రామ్‌గూడ వైపు వెళ్లి, పెద్ద రాతిగుండ్ల మీంచి దిగి, మట్టి కొట్టుకుని వచ్చేవాడు. ఆ దిగడానికి మామూలు చక్రాలు ఆగేవి కావు. అందుకని విడి రిమ్, చక్రం నడిమధ్య ఉండే విడి హబ్, కట్ట పుల్లలు తెచ్చి ఇంట్లోనే చక్రం అల్లుకునేవాళ్లం. అల్లడం ఆయన పని. వంకర తీయడం నాది. చిన్నప్పుడు వీణ నేర్చుకున్నాను. వీణ రాలేదు గానీ చెవి మిగిలింది. పుల్లను మీటితే అది ఎంత బిగువుగా ఉందో చెబుతుంది. వెనక చక్రంలో గేర్ల వైపు పుల్లలు కాస్త పై శ్రుతిలో, అవతలి వైపువి కాస్త కింద పలకాలి. ఒక వైపువన్నీ ఒకే మాట మీద ఉంటే ఆ చక్రం ఏ రాయికీ లొంగదు. మా అత్తయ్య వాకిట్లో బియ్యం ఏరుతూ, "గీ పిల్ల సైకిల్‌కు సంగీతం నేర్పుతుంది" అని దారిన పోయేవాళ్లకు చెప్పేది.

ఆ సైకిల్ గుంపులో ఒక కట్టుబాటు ఉండేది. ఒకరు వంకర తీయడం మొదలుపెట్టిన చక్రానికి ఇంకొకరు పానా పెట్టకూడదు, అది పూర్తయ్యాక మొదట తొక్కాల్సింది కూడా వాళ్లే. ఇద్దరి చేతులు పడితే రెండు రకాల బిగువు వచ్చి, ఏ దిగుడులోనో చక్రం మడత పడుతుందని వాళ్ల నమ్మకం. నేను ఏ చక్రం వంకర తీసినా మా వీధి చివరిదాకా తొక్కి ఇచ్చేదాన్ని. నిపుల్ మీద కోపం తెచ్చుకున్న ఆ రోజు నా ముందున్నది యాదగిరి సైకిల్ వెనక చక్రం.

సోమవారం ఆఫీసు మెట్లు రెయిలింగ్ పట్టుకుని ఎక్కాను. మంగళవారం మా వీధి డాక్టరు గారు నాడి చూసి, "వీక్‌నెస్ అమ్మా, ఈ వయసు ఆడవాళ్లందరికీ ఉండేదే" అని బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్ వేశారు. అత్తయ్య దిష్టి తీసింది. బుధవారం పొద్దున స్నానాల పీట మీంచి లేవలేకపోయాను. పిలిస్తే అత్తయ్య వచ్చి చంకల కింద చేతులు వేసి లేపింది.

"ఒరే యాదగిరీ, ఇది దిష్టి కాదురా. ఆటో పిలువు, పెద్ద దవాఖానకు పోదాం" అంది. దిష్టి తీసిన మనిషే ఆ మాట అనడంతో నాకు మొదటిసారి భయం వేసింది.

ఆసుపత్రిలో న్యూరాలజిస్ట్ పెద్దాయన. మోకాలి కింద చిన్న సుత్తితో తట్టారు. కాలు కదల్లేదు. మోచేతి దగ్గర తట్టారు, అక్కడా అంతే.

"ఈమధ్య జ్వరం గానీ మోషన్స్ గానీ అయ్యాయామ్మా?"

రెండు వారాల కిందట కడుపు పాడైన సంగతి చెప్పాను.

"రిఫ్లెక్సెస్ పోయాయి. ఇప్పుడే అడ్మిట్ అవ్వాలి" అన్నారు.

లంబార్ పంక్చర్ అని వెన్నులోంచి నీరు తీశారు. చేతులకూ కాళ్లకూ కరెంటు తగిలించి నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు. సాయంత్రానికి పేరు చెప్పారు: గిలాన్ బారే సిండ్రోమ్. వాళ్లు జీబీఎస్ అంటారు. "మీ ఒంటిని కాపాడాల్సిన ఇమ్యూన్ సిస్టమే పొరపాటున మీ నరాల పైపొరను కొడుతోంది. వైరు మీద తొడుగు ఊడితే కరెంటు సరిగా పోదు కదా, అలాగ" అని డాక్టరు గారు యాదగిరికి చెబుతుంటే నేను విన్నాను.

ప్లాస్మా ఎక్స్‌ఛేంజ్ మొదలుపెట్టారు. రక్తంలోని ప్లాస్మా తీసి వేరేది ఎక్కించడం. చలి పుట్టేది, పెదవులు తిమ్మిరెక్కేవి. ఐసీయూలో సిస్టర్ మాటిమాటికీ వచ్చి ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టించేది. జబ్బు ఊపిరి కండరాలదాకా పాకుతోందో లేదో అలా తెలుసుకుంటారట. నా లెక్క రోజురోజుకూ తగ్గుతూ వచ్చింది. వెంటిలేటర్ తెచ్చి మంచం పక్కనే పెట్టారు. దాని అవసరం పడలేదు. పడుతుందేమోనని దానివంకే చూస్తూ పడుకున్న ఆ రోజులను మాత్రం నేను పగవాళ్లకు కూడా కోరుకోను.

చేతులు పూర్తిగా పోయాయి. ముక్కు మీద ఈగ వాలితే తోలుకోలేను. రౌండ్స్‌కు వచ్చినప్పుడు డాక్టరు గారిని ఒకటే అడిగాను: "నా చేతులు వస్తాయా అండీ?"

"చాలామందికి వస్తాయి. ఎప్పటికి, ఎంతవరకు అంటే మాత్రం నేను మాట ఇవ్వలేను. నరం తొందరపడదమ్మా."

నాకు కావలసింది ఆ మాటే. ఆయన అదొక్కటే ఇవ్వలేకపోయారు.

నెలల తరువాత ఇంటికి వచ్చేసరికి ఎండలు ముదిరాయి. మంచం మీద పడుకోబెట్టగానే ఎదురుగా గోడ మేకుకు చక్రం కనిపించింది. నేను వదిలేసినట్టే ఉంది, ఒక వైపు పుల్లలు వదులుగా. యాదగిరి సైకిల్ వెనక చక్రం లేకుండా వరండాలో నిలబడి ఉంది.

"ఇన్ని నెలలూ మీరు తొక్కలేదా?"

"దేంతోని తొక్కాలె?"

"బజార్లో ఇస్తే మధ్యాహ్నానికి చేసిస్తారు కదండీ!"

"నువ్వు మొదలువెట్టినవ్. నువ్వే తియ్యాలె."

"నా చేతులు రాకపోతే?"

"వస్తయ్. చక్రం ఏడికి పోతది? ఫికర్ చెయ్యకు."

నాకు ఒళ్లు మండింది. ఆదివారం తెల్లవారుతుండగా వాళ్ల గుంపు మా గుమ్మం ముందు ఆగి బెల్లులు కొట్టేది. ఈయన బయటికి వెళ్లి "పోయిరండి" అని చెప్పి లోపలికి వచ్చేవాడు. ఆ బెల్లుల చప్పుడు దూరమవుతుంటే నేను గోడ వైపు తిరిగి ఏడ్చేదాన్ని. నా జబ్బు నన్నొక్కదాన్నే కాదు, ఈ మనిషినీ సైకిల్‌నూ కలిపి కట్టేసిందనిపించేది. ఆయనకు మాత్రం అది అలా అనిపించలేదట. ఆ చక్రాన్ని ఇంకొకరి చేతికిస్తే, నీ చేతుల మీద ఆశ వదిలేసుకున్నట్టే కదా అని చాలా ఏళ్ల తరువాత ఒకసారి అన్నాడు.

ఫిజియోథెరపీ మేడమ్ ఇంటికి వచ్చేది. మెత్తని ముద్ద ఏదైనా పిసకమంది. అత్తయ్య రొట్టెలకు కలిపిన జొన్నపిండి తెచ్చి ఒళ్లో పెట్టింది. నేను పిసికిన పిండితోనే ఇంటిల్లిపాదికీ రొట్టెలు. "ఇయ్యాల రొట్టె మెత్తగొచ్చింది బిడ్డా, చేతిల బలమొస్తుంది" అనేది. బొటనవేలూ చూపుడువేలూ కలిసిన రోజున ఆమె నాకంటే ముందు ఏడ్చింది.

ఆ రెండు వేళ్లూ కలవగానే నేను ఆగలేదు. చక్రం దింపించి, తలకిందులుగా పెట్టిన సైకిల్‌కు బిగింపించి, పక్కన సుద్దముక్క కట్టించాను. చక్రం తిప్పితే వంకర ఉన్నచోట సుద్ద గీసుకుంటుంది. అత్తయ్య వద్దంటున్నా వినకుండా మధ్యాహ్నమంతా పానా తిప్పాను. మర్నాడు చెంచా కూడా పట్టుకోలేకపోయాను. ఆ పై వారం కూడా. జబ్బు తిరగబెట్టిందేమోనని అందరం హడలిపోయాం.

మేడమ్ పరీక్ష చేసి తలపట్టుకుంది. "ఇది రిలాప్స్ కాదు, ఓవర్‌వర్క్. ఇంకా చేయగలను అనిపించినప్పుడే ఆపెయ్యాలి. అలిసిపోయాక ఆపితే లేట్."

అప్పటి నుంచి రోజుకు నాలుగైదు పుల్లలు, అంతే. వేళ్ల చివర స్పర్శ లేదు గనుక కంటినే నమ్మి, సుద్ద ఎక్కడ గీసుకుంటే అక్కడ బిగించుకుంటూ పోయాను. వానలు తగ్గేసరికి చక్రం తిప్పితే సుద్దకు ఎక్కడా అంటుకోలేదు. యాదగిరి చప్పట్లు కొట్టాడు. "అయిపాయె! ఈ ఆదివారమే పోదాం."

నేను పుల్లలు మీటాను. ఒకటి కీచుమంది, దాని పక్కది బొయ్యిమంది. ఇంకొకటి అసలు పలకలేదు. పైకి నిటారుగా ఉంది, లోపల ఎవరి దారి వారిదే. మొదటి గుండు మీంచి దిగగానే మడత పడే చక్రం అది. దాని మీద ఉండేది ఈ మనిషి.

పానా తీసుకుని మళ్లీ పుల్లలన్నీ వదులు చేయడం మొదలుపెట్టాను.

"అయ్యో, ఏం చేస్తున్నవే! గన్ని దినాల కష్టం!" అని ఆయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "ఆదివారం?"

"చక్రం ఎక్కడికి పోతుందండీ? ఫికర్ చేయకండి" అన్నాను. జబ్బు పడ్డాక నేను వేళాకోళమాడటం అదే మొదటిసారి. ఆయన ముందు బిత్తరపోయి, తరువాత చాలాసేపు నవ్వాడు.

ఈసారి చెవితో చేశాను. వేళ్లు మొద్దుబారినా చెవికి జబ్బు రాలేదన్న సంగతి నాకు అంత ఆలస్యంగా గుర్తొచ్చింది. మీటడం, పావు తిప్పు తిప్పడం, మళ్లీ మీటడం, అలసట రాకముందే లేచిపోవడం. చలికాలం వచ్చేసరికి ఒక వైపువన్నీ ఒక మాట మీదికి వచ్చాయి.

చివరి పని ఒకటి మిగిలింది. పుల్లల్ని జతజతలుగా రెండు చేతులతో గట్టిగా నొక్కాలి. మెలి పడినవి అప్పుడే సర్దుకుంటాయి. లేకపోతే మొదటి బరువుకు టిక్కుటిక్కుమంటూ బిగువంతా వదులైపోతుంది. నాకు వేళ్లు తిరిగాయి గానీ పిడికిట్లో ఆ బలం లేదు. రెండుసార్లు నొక్కాను, పుల్లలు కదల్లేదు. ఇంత చేసీ ఇక్కడ ఆగిపోయానే అని కళ్లనీళ్లు వచ్చాయి.

యాదగిరి నా వెనకగా వచ్చి కూర్చున్నాడు. నా చేతుల మీద తన చేతులు వేశాడు.

"మీరు పెట్టకూడదు కదా!"

"పానా వెట్టొద్దన్నరు. చెయ్యి వెట్టొద్దనలే. నొక్కు."

చక్రం చుట్టూ అలా నొక్కుకుంటూ వెళ్లాం. అత్తయ్య వరండాలోకి వచ్చి, చూసి, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం నానక్‌రామ్‌గూడ రాళ్ల దగ్గర, సీటు కిందికి దించి, కట్టుబాటు ప్రకారం మొదట నన్నే ఎక్కించారు. ఒక గుండు దగ్గర నుంచి ఇంకో గుండు దగ్గరదాకా తొక్కాను. ఆయన సీటు వెనక పట్టుకుని పరిగెత్తాడు. చక్రం టిక్కుమనలేదు. తరువాత ఆయన తీసుకుని రాళ్ల మీదికి వెళ్తుంటే ఆ దుమ్ములో నిలబడి వెనక చక్రాన్నే చూశాను. అంత సంతోషం మళ్లీ నాకు దొరకలేదు.

ఇప్పుడు మేం బాచుపల్లిలో ఉంటున్నాం. అత్తయ్య లేదు. ఆ గుండ్లు ఉన్నచోట అద్దాల మేడలు లేచాయి. ఎక్కడ తొక్కానో చూపించమంటే చూపించలేను. నాకు కాలి వేళ్లలో కొంచెం తిమ్మిరి మిగిలింది. అలిసిపోతే ఎడమచేతి చిటికెన వేలు మాట వినదు. రిమ్ అరిగిపోయి చక్రం బాల్కనీ గోడకు చేరింది. పొద్దున కాఫీకి ముందు దాని పుల్లలు మీటుతాను. చక్రం కోసం కాదు, వేళ్ల కోసం.

ఇది చదివేవాళ్లకు నాకు తెలిసింది ఒకటే చెబుతాను. కడుపు పాడైన తరువాతో జ్వరం తగ్గిన తరువాతో రెండు పాదాలూ ఒకేసారి తిమ్మిరెక్కి, మెట్లు బరువైతే, టానిక్కులతో రోజులు గడపకండి. అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లి, రిఫ్లెక్సెస్ చూడమని మీరే అడగండి. మన చేయి రోజూ చేసే పనిని ఒక పొద్దున చేయలేకపోతే పూరీకర్రనో పెన్నునో తిట్టుకుంటాం. ఆ రోజు నేను నూనె అడిగాను. నిపుల్ బాగానే ఉంది.