దీపం ఎత్తని బావగారు

పక్కింటమ్మాయి వాళ్ళ నాన్న మోకాలికి కాపడం పెట్టాలని పెనం మీద కల్లుప్పు వేయిస్తోంది. ఉప్పు చిటపటలాడే చప్పుడూ, దాన్ని మూటగట్టిన పాతగుడ్డ కమురు వాసనా కిటికీలోంచి వచ్చేసరికి నా చేతిలో పని ఆగిపోయింది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఆదివారం పొద్దున్నే పొయ్యి దగ్గర నా మొదటి పని అదే. మా ఆయన అన్నగారు సన్యాసి బావగారు శనివారం పట్నం పోర్ట్ లూయీలో బాక్సింగ్ ఆడి, వేళ్ళు వాచిపోయి మా ఊరు బాన్ అక్యూయ్‌కి తిరిగొచ్చేవారు. తమ్ముడి భార్య బావగారి చెయ్యి ముట్టుకోకూడదు కాబట్టి, నేను ఉప్పు మూట గడప మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఆయనే ఒక చేత్తో రెండో చేతికి కాపడం పెట్టుకునేవారు. చురుక్కుమన్నా నోటివెంట శబ్దం వచ్చేది కాదు.

ఆయన్ని చూడనివాళ్ళకు ఆయన ఎలా ఉండేవారో చెప్పాలంటే నాకు కష్టమే. బాక్సింగ్ ఆడేవాడంటే జనం కొండలాంటి మనిషిని ఊహించుకుంటారు. బావగారు సన్నంగా, కాస్త వంగి, చెరుకు తోటలో గడ్డి తీసే అందరు కూలీల లాగే ఉండేవారు. చేతులు మాత్రం ఆ ఒంటికి సంబంధం లేనివి. వారమంతా ఎస్టేటులో పని, శనివారం రేవు పక్కన ఖాళీ గిడ్డంగిలో కట్టిన తాళ్ళ మధ్య ఆట. ఓడ దిగిన నావికులు, పటాలం సిపాయిలు, రేవులో మూటలు మోసే క్రియోల్ వాళ్ళు, ఎవరు ఎదురు నిలబడితే వాళ్ళతో ఆడేవారు. పట్నం వాళ్ళు ఆయనకి లమేఁ ఫేర్ అని పేరు పెట్టారు, ఇనుప చెయ్యి అని దాని అర్థం. ఆ పేరు ఇంట్లో ఎవరైనా ఎత్తితే మా అత్తగారు లేచి పెరట్లోకి వెళ్ళిపోయేది.

ఆవిడ బాధకు కారణం ఉంది. మా మామగారి తండ్రి ఈ దీవికి చెరుకు కూలీగా రావడానికి కోరంగి రేవులో ఓడ ఎక్కినప్పుడు గుడ్డల మూటలో ఒక ఇత్తడి దీపపు సెమ్మె పెట్టుకుని వచ్చాడట. ఏటా సింహాద్రి అప్పన్న పూజ నాడు పొద్దువాలే వేళ మా వాకిట్లో ఆ దీపం వెలిగించి, చుట్టూ తిరుగుతూ భజన చేస్తారు. చివర ఇంటి పెద్దకొడుకు దాన్ని తలమీదికి ఎత్తుకుని ఆడాలి. ఎత్తేముందు ఇంటి కోడలు జనం ముందు నిలబడి, "ఈ మనిషి వల్ల మనసు నొచ్చుకున్నోళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడగాలి. ఉన్నామని ఎవరైనా అంటే, వాళ్ళ మనసు కుదుటపడేదాకా ఆ మనిషి దీపం ముట్టుకోడు. బావగారు తాళ్ళ మధ్యకు వెళ్ళిన ఏడాదే భజన గురువుగారు, మనుషుల్ని కొట్టే చేతులు దీపానికి పనికిరావన్నారు. ఆనాటి నుంచి మా ఆయనే ఎత్తేవారు. నేను అడిగే ప్రశ్న చాలావరకు నామమాత్రమే. ఒక ఏడాది మాత్రం మా మేక తన కాయగూరల మడి మేసిందని ఒక ముసలమ్మ లేచింది. మా ఆయన అక్కడికక్కడే గుమ్మడికాయ తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టారు. జనం పకపకా నవ్వారు, మద్దెల మోగింది.

పెద్ద యుద్ధం అయిపోయిన తర్వాత బావగారు ఆట మానేశారు. మానేశారని తెలియగానే ఆయన ఏపాటి మనిషో తేల్చడానికి ఊళ్ళో అందరికీ తీరిక దొరికింది. ఎస్టేటులో కూలీల మీద పెత్తనం చేసే సర్దార్ మా అరుగు మీద కూర్చుని, "తెల్ల నావికుల్ని నేల కరిపించినోడు. మన కోరంగీ వాళ్ళకి పట్నంలో పేరు తెచ్చినోడు" అన్నాడు. దుకాణం ఆయన, చివరి రెండేళ్ళూ కాళ్ళు ఆడలేదని, ముందే మానేసి ఉంటే బాగుండేదని పెదవి విరిచాడు. గురువుగారు మాత్రం, ఎవరినీ కొట్టకుండా బతికినవాడి కన్నా కొట్టి మానేసినవాడు ఎక్కువెలా అవుతాడని అడిగారు. బావగారు అందరి మాటా విన్నారు, ఎవరికీ ఎదురు చెప్పలేదు. వాళ్ళు వెళ్ళాక నాతో అన్నారు.

"తాళ్ళ కాడ దొర నా చెయ్యెత్తితే గెలిసినట్టమ్మా. అది ఆ పూటకే. ఈ ఏడు దీపం నానెత్తుతాను. నువ్వు అడుగు. ఎవరేటంటారో ఇందాం."

గురువుగారు ఒప్పుకున్నారు. ఆట మానేశాడు కదా అని ఆయన మనసు కూడా కరిగింది. అయితే బావగారు అంతటితో ఆగలేదు. పూజకు ముందు ఆదివారం పోస్త్ ద ఫ్లాక్ దాకా నడిచి వెళ్ళి గబ్రియెల్‌ని పిలిచి వచ్చారు. గబ్రియెల్ క్రియోల్ వాడు, రేవు కూలీ. చాలా ఏళ్ళ కిందట బావగారి దెబ్బకు అతని ఎడమ కన్ను పోయింది. ఆ తర్వాత సముద్రపు ఒడ్డున ఉన్న ఆ ఊరికి చేరి, చేపలు పట్టే వెదురు బుట్టలు అల్లుకుని బతుకుతున్నాడు. మన పూజకు అతనెందుకని మా ఆయన అడిగితే, "నొచ్చుకున్నోడు నేకుండా అడిగితే అదేం అడగడంరా" అన్నారు బావగారు.

ఆ సాయంత్రం గబ్రియెల్ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, టోపీ చేతిలో పట్టుకుని వాకిట్లో ఒక పక్కన నిలబడ్డాడు. భజన చివరికి వచ్చింది. బావగారు స్నానం చేసి, పసుపు బట్ట కట్టుకుని దీపం ముందు నిలుచున్నారు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను అడిగాను. మనవాళ్ళెవరూ మాట్లాడలేదు. అప్పుడు బావగారే గబ్రియెల్ వైపు తిరిగి ఆ ప్రశ్న అతని భాష క్రియోల్‌లో చెప్పారు.

గబ్రియెల్ నెమ్మదిగానే మాట్లాడాడు. "కన్ను గురించి నాకేం లేదు. అది ఆట. నువ్వు కొట్టకపోతే నేను కొట్టేవాణ్ణి. ఆస్పత్రిలో పడుకున్నప్పుడు తలుపు చప్పుడైతే నువ్వే వచ్చావనుకునేవాణ్ణి. తర్వాత ఇంటి దగ్గర కూడా అనుకున్నాను. ఇన్నేళ్ళకు వచ్చావు. వచ్చింది నీ దీపం కోసం, నా కోసం కాదు."

క్రియోల్ అందరికీ వచ్చు కాబట్టి ఎవరికీ విడమరచి చెప్పే పని లేకపోయింది. గురువుగారు గొంతు సవరించుకుని, "అతను మనోడు కాదు కదా. అమ్మాయ్, ఇంకోసారి అడిగీ, మద్దెల కొట్టిద్దాం" అన్నారు. ఆ ఒక్క మాట నేను మళ్ళీ అడిగితే, అత్తగారు ఇన్నేళ్ళు ఎదురుచూసింది జరిగిపోతుంది. నేను బావగారి ముఖం చూశాను.

"అడక్కమ్మా" అన్నారాయన. "జవాబొచ్చీసింది."

వెనక్కి జరిగి తమ్ముడికి దారి ఇచ్చారు. ఆ ఏడు కూడా మా ఆయనే ఎత్తారు. అత్తగారి ఏడుపు మద్దెల మోతలో కూడా నాకు వినపడుతూనే ఉంది. ఆమెను చూసి నాకు గబ్రియెల్ మీద చెప్పలేనంత కోపం వచ్చింది.

తర్వాతి ఆదివారం బావగారు మళ్ళీ పోస్త్ ద ఫ్లాక్ వెళ్ళారు. ఆ పై ఆదివారమూ అంతే. వానలు పడినా, జ్వరం తగిలినా ఆయన ఆదివారాలు అక్కడే గడిచేవి. ఒకసారి మా ఆయనా నేనూ అన్నం పట్టుకుని వెళ్ళాం. మిత్రులిద్దరూ, అప్పటికి మిత్రులే అనాలి, చెట్టునీడలో కూర్చుని వెదురు చీలుస్తున్నారు. వంకర తిరిగిన వేళ్ళతో బావగారు చీల్చిన బద్దలన్నీ మధ్యలోనే విరిగిపోతున్నాయి. గబ్రియెల్ వాటిని పక్కకు తోసేస్తూ, "ఈ చేతులతోనా నన్ను పడగొట్టావు? ఎవరికీ చెప్పకు, నా పరువు పోతుంది" అన్నాడు. బావగారు నవ్వారు. ఆయన పళ్ళు కనిపించేలా నవ్వడం నేను అక్కడే చూశాను. నా కోపం కూడా ఆ చెట్టు కిందే వదిలేసి వచ్చాను.

మళ్ళీ పూజ రోజులు దగ్గరపడ్డాయి. చింతపండుతో దీపపు సెమ్మె తోముతూ, గబ్రియెల్‌ని ఎప్పుడు పిలుస్తారని అడిగాను. ఈసారి అతను ఏమంటాడో నాకు తెలుసు, ఊరందరికీ తెలుసు. కొత్త పసుపు బట్ట కూడా తెప్పించి ఉంచింది అత్తగారు.

"పిలవనమ్మా" అన్నారాయన.

"ఏం బావగారూ?"

"పిలిస్తే, ఏడాదంతా నాను దీపం కోసమే తిరిగేననుకుంటాడు. అనుకోకపోయినా నా మనసులో అదుంటాది."

పూజ నాడు ఆయన ఇంట్లో లేరు. ఆదివారాల్లో లాగే పోస్త్ ద ఫ్లాక్ వెళ్ళిపోయారు. అప్పటినుంచి ఏటా అంతే. సంగతి తెలియనివాళ్ళు, పిరికివాడు, ఒంటికన్ను వాడికి భయపడ్డాడు అన్నారు. బావగారు దాన్నీ విన్నారు. అత్తగారు పోయేనాటికి కూడా ఆయన తలమీద దీపం చూడలేదు.

బావగారు పోయిన రోజు గబ్రియెల్ ఎవరూ కబురు పెట్టకుండానే వచ్చాడు. శవం పక్కన చాలాసేపు కూర్చున్నాడు. వెళ్ళబోతూ నా దగ్గరికి వచ్చి, ఎన్నాళ్ళనుంచో గొంతులో పెట్టుకున్న మాట అడిగాడు. "మీ పూజకు నన్ను మళ్ళీ ఎందుకు పిలవలేదు? ఆ రెండో ఏడు చొక్కా ఉతికి పెట్టుకున్నాను. ఏమీ లేదని చెప్పడానికి వద్దామనుకున్నాను. చీకటి పడేదాకా చూశాను. వాడేమో నా పక్కనే కూర్చుని వెదురు చీలుస్తున్నాడు."

ఎందుకు పిలవలేదో నేను చెప్పాను. గబ్రియెల్ టోపీని రెండు చేతులా నలిపాడు. "పిచ్చివాడు" అన్నాడు. "నేనూ అడగలేదు చూడు."

బావగారు ఎలాంటి ఆటగాడని ఇప్పటికీ కొందరు కుర్రాళ్ళు వచ్చి అడుగుతారు. ఎంతమందిని పడగొట్టాడో చెప్పమంటారు. నాకు తెలియదంటాను. నేను చూసింది, ఆయన తనతో తానే ఆడిన, గెలిచినా ఎవరికీ చెప్పుకోలేని ఒక్క ఆట. ఆ ప్రశ్న ఇప్పటికీ నేనే అడుగుతున్నాను, మా అబ్బాయి దీపం ఎత్తుతున్నాడు. అడిగాక వెంటనే మద్దెల కొట్టనివ్వను, జనం విసుక్కున్నా ఆగుతాను. ఆ కాసేపూ నా పెదవుల దాకా వచ్చి ఆగిపోయేది నా జవాబే. అవును, ఒక మనిషి వల్ల నా మనసు నొచ్చుకుంది. ఆ ఒక్క ఏడు ఆయన గబ్రియెల్‌ని పిలిచి ఉండవలసింది.