రెండక్షరాల ఇంటిపేరు

నా ఇరవై నాలుగో ఏట నేను ఇంటిపేరు మార్చుకున్నాను. మగవాడివి నువ్వు మార్చుకోవడమేమిటని అనకాపల్లిలో నన్ను ఆపి అడగనివాళ్లు తక్కువ. అప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పి తప్పించుకున్నాను. జరిగింది మాత్రం ఇది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నేను బోర్డులు రాసేవాణ్ణి. బెల్లం కొట్లకీ బట్టల షాపులకీ పేర్లు రాసి బతికేవాణ్ణి. స్టేషను దగ్గర భర్త పోయిన ఒకావిడ ఇడ్లీ హోటలు నడిపేది. ఆయన పోయి పదేళ్లయినా హోటలుకి ఆయన ఇంటిపేరే. పాత బోర్డు వానలకి వెలిసిపోతే కొత్తది రాయమని నన్ను పిలిచింది. ఆ ఇంటిపేరుకి రెండే అక్షరాలు, పూట పని. నేను మూడు రోజులు చేశాను. లోపల దోసెలు పోస్తున్నది ఆవిడ ఒక్కగానొక్క కూతురు.

రెండో రోజు ఆ అమ్మాయి చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, బోర్డు కేసి చూసి, "ఆ రెండో అచ్చరం తలకట్టు వంకరగా ఉందండి" అంది. చూస్తే నిజమే. అంతకుముందు నా అక్షరానికి వంక పెట్టినవాళ్లు లేరు. ఆ రోజంతా నాకు ఎందుకో చాలా సంతోషంగా ఉంది.

మూడో రోజు వాళ్లమ్మ నా ముందు కాఫీ గ్లాసు పెట్టి సూటిగా అడిగేసింది.

"బాబూ, మా పిల్లని సేసుకుంటావేటి?"

మా కులం, గోత్రం, మా ఊళ్లో మాకున్న చెరకు తోట, అన్నీ అప్పటికే ఆరా తీసిందట.

"ఒక్కటే మాట. ఇల్లరికం రావాల. వచ్చి మా ఇంటిపేరు పెట్టుకోవాల. మా ఆయన పేరు నాతోటి ఆగిపోకూడదు."

ఇల్లరికానికి నాకు అభ్యంతరం లేదు. నాన్న పోయినా అన్నయ్య ఉన్నాడు, తోట చూసుకుంటాడు. పేరు దగ్గరే మనసు ఆగింది. మా ఇంటిపేరుకి ఐదక్షరాలు, అందులో రెండింటికి వత్తులు. అదొక ఊరి పేరు. ఆ ఊరు ఎక్కడుందో మాలో ఎవరికీ తెలీదు. అయినా నాన్న నా చేయి పట్టుకుని పలక మీద మొదట దిద్దించింది ఆ ఐదక్షరాలే.

మర్నాడు మా ఊరు వెళ్లాను. అన్నయ్య చెరకు తోటలో ఉన్నాడు. విని మండిపడ్డాడు.

"నాన్న పేరు తీసి గట్టున పెట్టేత్తావేటిరా? పెళ్లి సేసుకో, తప్పునేదు. పేరు మాత్రం మార్సకు."

అమ్మ ఇంటి దగ్గర ధాన్యం చెరుగుతోంది. చేట ఆపకుండానే అంతా విని, చివరికి అంది.

"నాకు పదకొండో ఏట పెళ్లి సేసేరు. ఆ రోజునించి మీ ఇంటిపేరే. నీకు ఇట్టమేనా అని నన్నెవరూ అడగనేదు. నిన్నడుగుతున్నారు. ఆలోసించుకుని సెప్పు."

ఇష్టమో కాదో తేలకుండానే తిరిగి వచ్చాను. హోటలు పెరట్లో పప్పు రుబ్బుతున్న ఆ అమ్మాయికి ఆ మాటే చెప్పాను. ఆమె రుబ్బడం ఆపింది.

"మీ పేరు మీరుంచుకోండి. పేరు మార్సుకుంటేనే పెళ్లంటే అది బేరమండి. నాకు బేరం పెళ్లి వద్దు. అమ్మతో నాను సెప్తాను."

చెప్పింది. తల్లి కూతురితో మాట్లాడటం మానేసింది. చెప్పదలుచుకున్నదంతా ఇడ్లీలు తినడానికి వచ్చినవాళ్లతో చెప్పేది. "సూడండి బాబూ, నా కూతురు నన్నెంత మాటందో!" వాళ్లూ రెండు జట్లయ్యారు. బెల్లం దళారులు తల్లి వైపు, స్టేషను కూలీలు కూతురి వైపు. ఎదురుగా ట్రంకు పెట్టెల కొట్టు సాయిబుగారు మాత్రం టీ తాగుతూ, "అమ్మా, ముందు అల్లుణ్ణి తెచ్చుకో. పేరు సంగతి తర్వాత" అన్నారు. వారం తిరిగాక ఆవిడ మెత్తబడింది.

"సరే, ఆడిట్టం. నాను మళ్లీ అడగను."

పెళ్లయింది. అత్త నిజంగానే మళ్లీ అడగలేదు. ఒక్క దెప్పు మాట కూడా లేదు. తెల్లారి మొదటి వాయి ఇడ్లీలు దించితే ముందు నా పళ్లేనికే వచ్చేవి.

నాలుగు నెలలకి రేషను కార్డులు వచ్చాయి. ముగ్గురం వెళ్లి వరసలో నిలబడ్డాం. గుమస్తా అత్త పేరు, నా భార్య పేరు రాసుకుని, "అల్లుడి ఇంటిపేరు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపలే అత్త చెప్పేసింది. మా ఐదక్షరాలూ, రెండు వత్తులూ నొక్కి, ఒక్కొక్కటీ విడమరిచి చెప్పింది. ఓనమాలు రాని మనిషి, పొరపాటున కూడా 'చ'ని 'స' చేయకుండా పలికింది. ఎన్నాళ్లు నేర్చుకుందో!

గుమస్తా కలం సిరాలో ముంచాడు.

"కాదండి" అన్నాను. వాళ్ల రెండక్షరాలూ చెప్పాను.

అత్త గభాలున నా వైపు తిరిగింది. "నిన్నెవరడిగేరు?"

"ఎవరూ అడగలేదు. అందుకే చెబుతున్నాను."

"గుమత్తాగారూ, ఆడేదో అంటాడు. ముందు సెప్పిందే రాయండి."

"వద్దండి, నేను చెప్పిందే రాయండి."

ఆవిడ నా పేరు కోసం, నేను ఆవిడ పేరు కోసం పోట్లాడుకుంటుంటే వరసంతా నవ్వడం మొదలెట్టింది. "మీలో మీరు తేల్చుకుని రండమ్మా, వెనకాల జనం ఉన్నారు" అన్నాడు గుమస్తా. నా భార్య ముందుకి వచ్చి బల్ల మీద చెయ్యి వేసింది.

"రెండచ్చరాలదే రాయండి. ఆయనకి ఇట్టమైతే నాకూ ఇట్టమే."

రాశాడు. అత్త కార్డు అందుకుని, ఆ పేరు ఎక్కడుందో చూపించమని నన్ను అడిగింది. ఆవిడ వేలు పట్టుకుని ఆ పేరు మీద పెట్టి చూపించాను. తడి సిరా ఆవిడ వేలికి అంటుకుంది. ఇంటికి వచ్చేవరకూ ఆ వేలు చీరకి తుడుచుకోలేదు. సాయంత్రం కొత్త బెల్లంతో పాకం గారెలు వండి, హోటలుకి వచ్చినవాళ్లందరికీ ఊరికే పెట్టింది. సాయిబుగారు నాలుగు తిన్నారు.

కబురు తెలిసి అన్నయ్య పదిహేను రోజులు మా గుమ్మం తొక్కలేదు. తర్వాత ఒక ఉదయం అమ్మని బండిలో ఎక్కించుకుని వచ్చాడు. ముభావంగా కూర్చుని, ఎనిమిది ఇడ్లీలు తిని, "పేరెలాగున్నా పచ్చడి బాగుంది" అన్నాడు. అమ్మ నా పక్కకి జరిగి, నెమ్మదిగా అంది.

"నా పేరు మారిన రోజు నాను బండిలో దారంతా ఏడిసేనురా. నువ్వు నవ్వుతున్నావు. సాలు."

అన్నయ్య ఆ పూటే వెళ్లిపోయాడు. అమ్మ తొమ్మిది రోజులు ఉండిపోయింది. ఇడ్లీ పిండిలో ఉప్పు తక్కువైందని అత్తతో రోజూ అనేది. అత్త ఒక్కరోజు కూడా ఒప్పుకోలేదు.