వేలెత్తితే నోరెత్తని కుక్కలు

తెల్లవారుతూనే, ముఖమైనా కడుక్కోకుండా, లాడాల మామ బిందెలతో నీళ్లు మోసి కంచె కిందనున్న రాతితొట్టి నింపేవాడు. గుర్రాల డెక్కలు చెక్కి లాడాలు కొట్టడం ఆయన వృత్తి. అసలు పేరు కట్టుకున్నావిడకైనా గుర్తుందో లేదో! తొట్టి సగం కంచెకు ఇవతల, సగం అవతల ఉండేది. ఇవతల చుక్క అనే ఆయన ముసలి గుర్రం తాగేది. అవతల అడవి తాగేది. కుందేళ్లు, ముంగిసలు, ఎండలు ముదిరితే జింకలు. చెవులు రిక్కించుకుని అవి నీళ్లు తాగుతుంటే చూడటమే ఆయనకు పొద్దుటి పూజ.

దాహంతో వచ్చినవాణ్ణి తరిమితే దేవుడు మెచ్చడని ఆయన నమ్మకం. అందుకే తన రెండు కుక్కలకూ ఒక మర్యాద నేర్పాడు. అడవివైపు నుంచి ఏది వచ్చినా ఆయన చూపుడువేలు ఎత్తేవాడు, అవి నోరు మూసుకుని పడుకునేవి. పోనుపోను వేలు ఎత్తే పనే లేకపోయింది.

పాలు పోయడానికి వచ్చే బావమరిదికి ఇదంతా వేళాకోళం.

"ఏం బావా, మీ కుక్కలు నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నాయా? దొంగొస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టేట్టున్నాయే!"

"ఊరందరి వాటా మొరగడానికి మీ కుక్క ఉందిగా. ఆకు రాలినా అరుస్తుంది. అచ్చం మీ అక్క పోలికే."

"వినపడుతోంది!" అని వంటింట్లోంచి ఆవిడ గొంతు. "టీ కావాలంటే మాట జాగ్రత్త."

ఒక పొద్దున ఆయన రెండో బిందె తెచ్చేసరికి తొట్టికి అవతల నక్క నిలబడి ఉంది. ఎముకలు తేలి, మూతి వెంట చొంగ కారుతోంది. మనిషిని చూసినా బెదరలేదు. 'పాపం, ఎంత దాహమో' అనుకున్నాడాయన. కుక్కలు తలెత్తి ఒకసారి చూసి మళ్లీ పడుకున్నాయి. చుక్క ఎప్పటిలాగే తొట్టిలోకి మూతి దించింది. నక్క నీళ్లు ముట్టలేదు. కంచె కిందుగా తల దూర్చి గుర్రం మూతి పట్టుకుంది.

బిందెతో కొడితే గాని వదల్లేదు. మధ్యాహ్నానికల్లా ఆ నక్క గట్టు పక్కన చచ్చిపడి ఉంది.

పశువుల డాక్టరమ్మ పరుగున వచ్చి గాయం కడిగి, గుర్రానికి టీకా వేసింది. ఆయన్నీ ఆసుపత్రికి పంపి వేయించింది. డాక్టరమ్మ పోరు పెట్టబట్టి కుక్కలకు ఎప్పుడో వేయించాడు. గుర్రానికెందుకులే అనుకున్నాడాయన.

"ముందే వేసుంటే ధైర్యంగా చెప్పేదాన్ని బాబాయిగారూ," అంది డాక్టరమ్మ. "అది పిచ్చినక్క. ఇక నీళ్లు మింగుతోందా లేదా, అదే చూస్తుండండి. దాని నోటి దగ్గరకు మాత్రం వెళ్లకండి."

అప్పటినుంచి ఆయన చూపంతా చుక్క గొంతు మీదే. గుటక పడ్డప్పుడల్లా చేతులెత్తి దండం పెట్టుకునేవాడు. బావమరిది వేళాకోళాలు మానేసి, నోరెత్తకుండా బిందెలు మోసేవాడు. డాక్టరమ్మ ఇంటికి పోతూ పోతూ కంచె దగ్గర బండి ఆపేది. అలాంటివాళ్లను దేవుడు చల్లగా చూడాలి.

ఒకనాడు చుక్క మూతి దించింది. గుటక పడలేదు. తాగిన నీళ్లు తాగినట్టే పెదవుల చివర్ల నుంచి తొట్టిలోకి జారిపోయాయి. ఆయన వెళ్లి తొట్టికి కిందనున్న బిరడా పీకేశాడు. ఆ తొట్టి అడుగు ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరుగరు.

డాక్టరమ్మ చుక్కకు ఆఖరి సూది వేసేటప్పుడు ఆయన పట్టకారు చేతపట్టుకుని దూరంగా నిలబడ్డాడు. చనిపోయిన గుర్రానికి లాడాలు ఊడదీసి పంపడం లాడాలు కొట్టేవాళ్ల ఆచారం. బతికినంతకాలం మోసిన ఇనుము మట్టిలోనూ మోయకూడదని.

"వద్దు బాబాయిగారూ. ముట్టుకోనివ్వను. మీ కాళ్లు పట్టుకుంటాను," అంది డాక్టరమ్మ కళ్లు తుడుచుకుంటూ.

ఎన్నో గుర్రాలను తేలిక చేసి పంపినవాడు తన గుర్రాన్ని లాడాలతోనే మట్టి చేశాడు.

డాక్టరమ్మ చెప్పినట్టు తొట్టి సున్నంతో తోమి, ఎండబెట్టి, మళ్లీ నింపాడు. ఆ మర్నాడే జింక వచ్చింది. ఇవతల పక్క ఖాళీగా ఉంది.

"మొరగండర్రా! లేవండి!" అని చప్పట్లు కొట్టాడాయన. కుక్కలు ఆయన చూపుడువేలు వైపు చూసి, తోకాడించి, మూతులు కాళ్ల మీద పెట్టుకున్నాయి. ఇక లాభం లేదని తనే "భౌ" అన్నాడు. అవి ఇంకా ముద్దుగా తోకాడించాయి.

పాలచెంబు అందిస్తూ బావమరిది అదంతా చూశాడు. నవ్వలేదు.

"ఇంకా ఈ నీళ్లు అవసరమా బావా?"

"నీళ్లు పోయడం తప్పు కాదురా. వీటి నోరు నొక్కడం తప్పు." ఆయన చెంబు కింద పెట్టాడు. "నాకో సాయం చేసిపెడతావా?"

"చెప్పు బావా."

"మీ కుక్కను కొన్నాళ్లు మా ఇంట్లో వదిలిపెట్టు. నేర్పింది నేనే అయినా మాన్పించడం నా వల్ల కావడం లేదు. దాన్ని చూసైనా ఇవి మళ్లీ మొరగడం నేర్చుకుంటాయేమో."