డ్రమ్ము మూత మీద ఇంగ్లీషు నాట్లు

నాచారంలో తొలకరి జల్లు పడితే మట్టి వాసన రాదు. మందుల ఫ్యాక్టరీల పొగ తడిసి, గొంతులోకి చేదుగా దిగే ఒక వాసన వస్తుంది. మొన్న ఉప్పల్‌లో ట్రాఫిక్ మధ్య మా ఆఫీసు బస్సు అరగంట కదలకుండా నిలబడిపోతే, కిటికీ సందులోంచి ఆ వాసన లోపలికి వచ్చింది. పక్క సీటు అమ్మాయి చున్నీతో ముక్కు మూసుకుంది. నేను అద్దం ఇంకొంచెం జరిపాను. ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. బస్సు ఆగితే కాళ్లు ఆగవు, కాళ్లు ఆగినా మనసు ఆగదు. ఆ చేదు వాసన తగిలిందంటే మనసు నేరుగా మా పెద్దనాయిన దగ్గరికి పోతుంది, ఆయనతో పాటు లోకంలో ఎవరూ వాడని కొన్ని ఇంగ్లీషు మాటల దగ్గరికి పోతుంది.

పెద్దనాయిన మా నాన్నకు అన్న. తాతల నాటి మా మడులు ఒక ఫ్యాక్టరీ ప్రహరీ గోడ లోపలికి పోయాక, ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆయనకు ఉద్యోగం దొరికింది. వచ్చే పోయే లారీల నంబర్లు రిజిస్టరులో ఎక్కించడం, పాసు చూసి గొలుసు దించడం ఆయన పని. గేటు పక్కన ఒక ఇనుప కుర్చీ ఉండేది. అందులో కూర్చుంటే రెండు షెడ్ల నడుమ, ఇంకా పూడ్చకుండా మిగిలిన మా వ్యవసాయ బావి కనిపించేది, బావి గట్టు మీది సీతాఫలం చెట్లు కనిపించేవి. లోపల మిషన్ మీద ఎక్కువ జీతానికి పని ఇస్తామన్నా ఆయన పోలేదు. పొలం పోయింది కానీ పొలం కనిపించే కుర్చీ ఉంది కదా అని పెద్దమ్మతో అనేవాడట.

ఆ ఫ్యాక్టరీకి విడిభాగాలు చెక్క పెట్టెల్లో వచ్చేవి. దెబ్బ తగలకుండా వాటి చుట్టూ చిత్తు కాగితాలు కుక్కేవారు. ఒకసారి ఒక పెట్టె అడుగున అట్టల్లేని లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు దొరికింది, అదీ సగమే. ఎఫ్‌తో మొదలై పి మధ్యలో తెగిపోయింది. ఎఫ్‌కు ముందు, పికి తర్వాత ఇంగ్లీషు భాష మా ఇంట్లో లేదు. పదో తరగతి దాకా చదివిన పెద్దనాయిన దాన్ని పేజీ పేజీ ఆరబెట్టి, గోనె దారంతో కుట్టి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని చదివేవాడు. కొన్ని మాటల పక్కన, ఇప్పుడు వాడుకలో లేదు అని చిన్న అక్షరాల్లో రాసి ఉండేది. అది చూస్తే ఆయనకు ప్రాణం ఉసూరుమనేది. "ఏందిది, మంచిగున్న మాటను గిట్ల బీడు వెట్టిన్రు" అనేవాడు.

అలా మొదలయ్యాయి మా ఇంట్లో ఆదివారం నాట్లు. కుంకుడు రసం కళ్లలో పడి మండుతుండగానే, తల తుడుచుకోకముందే, పెద్దనాయిన కొడుకు శ్రీశైలం అన్నా నేనూ వాకిట్లో నీళ్ల డ్రమ్ము చుట్టూ చేరేవాళ్లం. ఆయన మూత మీద సుద్దముక్కతో ఒక మాట రాసేవాడు, అర్థం చెప్పేవాడు, మా చేత పదిసార్లు పలికించేవాడు. గ్యాడబౌట్ అంటే పని లేకుండా ఊరంతా తిరిగే మనిషి. లమక్స్ అంటే ఒళ్లే తప్ప ఒడుపు లేనివాడు. ఫ్లిబర్టిజిబిట్ అంటే నిలకడ లేకుండా వాగే పిల్ల, ఆ మాట రాసిన రోజు ఆయన నన్నే చూసి నవ్వాడు. వారమంతా మేము ఆ మాటను బయట వాడాలి. వింటే సరిపోదు, ఇంటివాళ్లు కాని మనిషి దాన్ని తనంతట తాను మన ముందు అనాలి. అప్పుడే పెద్దనాయిన "పచ్చవడ్డది!" అని తొడ చరిచేవాడు, నారు వేళ్లూనుకుని పొలం పచ్చబడితే అన్నట్టుగా. ఎవరి మాట పచ్చబడితే వాళ్లకు, ఆయన ఆదివారం డ్యూటీలో ఉన్నప్పుడు, గేటు దగ్గరి కుర్చీలో గంటసేపు కూర్చునే భాగ్యం.

ఎంత తిరిగామో ఆ మాటలు పట్టుకుని! ఆషాఢంలో బోనాల డప్పులు మోగుతుంటే శ్రీశైలం అన్న పోతరాజు వెనక పరిగెత్తుతూ హల్లబలూ, హల్లబలూ, అంటే గోల గోల, అని అరిచేవాడు. బతుకమ్మ రోజుల్లో నేను గునుగు పూలకు రంగులద్దుతూ, వేళ్లు ఎర్రగా పచ్చగా అయిపోయినా, పక్కింటి ఆడపిల్లలకు హాయిటీ టాయిటీ అంటే టెక్కులు పోవడమని చెప్పి, చెప్పి, వాళ్లు నా మలీద ముద్ద తిని మాట మాత్రం వదిలేసి పోతే ఏడ్చేదాన్ని. మూడేళ్లలో పచ్చబడినవి మూడంటే మూడు. మూడూ అన్నవే. కండక్టరు ఒకడు బస్సులో తోసుకుంటున్న జనాన్ని చూసి, ఏం హల్లబలూ ఇది, అన్నాడని అన్న పరిగెత్తుకొచ్చి చెప్పినప్పుడు నేను రెండు పూటలు అన్నం తినలేదు.

ఆ కుర్చీ మీద నాకంత ఆశ. ఓపికేమో లేదు. నారు పోసిన మర్నాడే వరి కోయాలనే రకం నేను.

నాకు పదకొండో ఏడు నడుస్తుండగా డ్రమ్ము మీద ఫిడిల్‌స్టిక్స్ అనే మాట వచ్చింది. అర్థం ఒట్టి ముచ్చట, నమ్మదగింది కాదు అని. వారం చివరికి వచ్చింది, ఎవరూ అనలేదు. శనివారం మధ్యాహ్నం నేను మా వీధి కిరాణా కొట్టు మల్లమ్మత్త దగ్గరికి పోయి, ఆమె బియ్యంలో రాళ్లన్నీ ఏరిపెట్టి, బదులుగా ఒక్క మాట అనమన్నాను. "నోరు తిరుగుతలేదు గదనే పిల్లా" అని ఆమె నవ్వింది. పొద్దు వాలేదాకా ఆమె చేత పలికించాను. అర్థం చెప్పలేదు, అంత తీరిక లేదు. మా పెద్దనాయిన వచ్చి ఏదంటే దానికి ఇదే అనమన్నాను.

సాయంత్రం ఆయన బీడీ కట్ట కొనడానికి వచ్చాడు. నేను ఉప్పు బస్తా వెనక నక్కి ఉన్నాను.

"ఇగ నల్లా నీళ్లు రోజూ ఇస్తరట మల్లమ్మా" అన్నాడాయన.

"ఫిడిల్‌స్టిక్స్ అన్నా, గియన్ని ఫిడిల్‌స్టిక్స్!" అందామె.

పెద్దనాయిన అలాగే నిలబడిపోయాడు. చిల్లర తీసుకోవడం మరిచిపోయాడు. ఇంటికొచ్చి పెద్దమ్మకు చెప్పాడు, నాన్నకు చెప్పాడు, ఎదురింటి వాళ్లకు చెప్పాడు, అన్నం తింటూ మధ్యలో ఆగి తనలో తాను నవ్వుకున్నాడు. మర్నాడు ఆయన డ్యూటీ. నేను కుర్చీలో గంట కూర్చున్నాను. బావి కనిపించింది, సీతాఫలం చెట్లు కనిపించాయి. ఎప్పుడు లేద్దామా అనిపించింది.

నెల తిరగకముందే ఆయనకు ఆఫీసు నుంచి మెమో వచ్చింది. ఎండకు టోపీ ముఖం మీదికి దించుకుని కూర్చున్న ఆయన్ని చూసి, కొత్తగా వచ్చిన ఆఫీసరు డ్యూటీలో నిద్రపోతున్నాడని రాశాడు. మూడు రోజుల్లో జవాబు ఇవ్వాలి, లేకపోతే గేటు నుంచి తీసేస్తారు. ఇలాంటివి వస్తే కార్మికులందరూ ఉప్పల్‌లో ఒక టైపు మిషన్ ఆయన దగ్గరికి పోయేవారు. తప్పయింది, ఈసారికి మన్నించండి అనే కాగితం ఆయన దగ్గర తయారుగా ఉండేది, పేరు మారిస్తే చాలు. నాన్న కూడా అలాగే చేయమన్నాడు. పెద్దనాయిన వినలేదు. నిద్రపోని వాణ్ని నిద్రపోయానని ఎందుకు రాసియ్యాలె అన్నాడు. తానే ఇంగ్లీషులో రాశాడు. నేను నిద్రపోయాననడం ఫిడిల్‌స్టిక్స్ అని రాశాడు.

"గా మాట రాస్తే ఆఫీసరుకు కోపం రాదా?" అని నాన్న అడిగాడు.

"మల్లమ్మకే తెల్సినంక ఆఫీసరుకు తెల్వదా? నవ్వుకుంటడు" అన్నాడు పెద్దనాయిన.

నేను అక్కడే ఉన్నాను. చింతగింజలు అరచేతిలో పట్టుకుని, పచ్చీసు ఆట మధ్యలో ఉన్నాను. నోరు తెరిస్తే చాలు, ఆయన ఆ కాగితం చింపేసేవాడు. తెరవలేదు.

ఆఫీసరు నవ్వలేదు. తన మెమోనే చెత్త అన్నాడని అందరి ముందూ కాగితం ఊపి అరిచాడట. పెద్దనాయినను గేటు నుంచి తీసి ఫ్యాక్టరీ వెనక ఇనుప తుక్కు గోదాముకు పంపారు. అక్కడి నుంచి గోడ తప్ప ఏమీ కనిపించదు.

ఎండాకాలం సెలవుల్లో ఆయనకు సద్ది తీసుకుపోవడం నా పని. బోర్లించిన డబ్బా మీద కూర్చుని, ఇనుప రజను అంటిన చేతుల్ని కడుక్కుని, ఆయన తినేవాడు. నాలుగో రోజో అయిదో రోజో నేను ఏడుస్తూ అంతా చెప్పేశాను. ఆయన ముద్ద చేతిలోనే ఉంది.

"కుర్చి వోతే వోయింది బిడ్డా" అన్నాడు. "నాటు పచ్చవడ్డదనుకున్న సూడు, గదీ..." ముద్దను తిరిగి సద్ది గిన్నెలో పెట్టాడు.

ఆ సాయంత్రం మల్లమ్మత్త కొట్టుకు పోయి, ఆమె తెలియక అన్న మాటకు అర్థమేమిటో వివరంగా చెప్పి వచ్చాడు. తర్వాతి ఆదివారం డ్రమ్ము మూత మీద ఏమీ రాయలేదు, ఆ తర్వాత కూడా రాయలేదు. పదవీ విరమణ దాకా తుక్కు గోదాములోనే ఉన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆయన పోయి ఏళ్లయింది. ఫ్యాక్టరీ మూతబడి, బావి పూడి, అక్కడ ఇప్పుడు పద్నాలుగు అంతస్తుల ఇళ్లు లేచాయి. మల్లమ్మత్త కొట్టులో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. నిఘంటువు ఏ వరదకు తడిసిందో, ఎవరు పారేశారో ఎవరికీ గుర్తు లేదు. నేను పోచారంలో ఒక కంప్యూటర్ల ఆఫీసులో పని చేస్తున్నాను. రెండు నెలల కింద, ఎందుకో ఆగలేక, మా టీము తెల్లబోర్డు మూలన ఫిడిల్‌స్టిక్స్ అని రాశాను. పిల్లలు ఫోనులో అర్థం వెతుక్కుని ఒక రోజు నవ్వుకున్నారు. నేను మెయిల్లో ఆ మాట రాస్తే కంప్యూటరు దాన్ని తీసేసి వేరేది పెట్టమంటుంది. నేను రోజూ చెవులు రిక్కించి తిరుగుతున్నాను. ఎవరూ అనలేదు.

నిన్న మా టీములో కొత్తగా చేరిన స్వప్న, జనగామ పిల్ల, నా కుర్చీ పక్కకు వచ్చి గొంతు తగ్గించింది.

"మేడమ్, సోమవారం మీటింగుల మాలో ఒకలం గా మాట అంటం. అందరం అనుకున్నం. మీరు ఖుష్ అయితరని. అనమంటరా?"

సరేనని నాలుక చివరి దాకా వచ్చింది. వద్దమ్మా అన్నాను. ఎందుకో తెలియక ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. చెప్పకుండా అనేసి ఉంటే నేను ఎంత పొంగిపోయేదాన్నో, ఇంటికి పోయి ఎందరికి చెప్పుకునేదాన్నో తలచుకుంటే నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆ పిల్ల కనీసం నన్ను అడిగింది. నేను పెద్దనాయినను అడగలేదు.