గాజు మీద ఊపిరి

ఈ రాత్రి చలి కాస్త ఎక్కువగా ఉందని అత్తయ్య అటక మీది పాత బొంత దింపించి మనవడికి కప్పారు. దాన్ని చూడగానే, వాడి మూడో ఏట చలికాలంలో విజయవాడ హోటల్లో మేము గడిపిన నాలుగు రోజులు గుర్తొచ్చి, పిల్లలిద్దరూ పడుకున్నాక ఇలా రాయడానికి కూర్చున్నాను.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. మిరప కోతలు మొదలైతే మా వాకిలంతా ఎర్రగా పరుచుకునేది, ఆ ఘాటుకు మా వాడికి ఆయాసం వచ్చేది. వాడి గొంతులో పిల్లికూత వంటింట్లో మిక్సీ తిరుగుతున్నా నాకు వినపడేది. "మిరపకాయల్లో పుట్టినోడికి మిరపకాయ పడకపోవడమేంటమ్మాయ్, అంతా నీ చదువు తెచ్చిన భయం!" అని అత్తయ్య దెప్పేవారు. ఆ ఏడు మాత్రం డాక్టరుగారు, కొన్నాళ్ళు దుమ్ముకు దూరంగా ఉంచండి, అప్పటికీ తగ్గకపోతే ఆసుపత్రిలో చేర్చాల్సిందే అన్నారు. ఎవరింటికి వెళ్తాం? మా చుట్టాలందరి వాకిళ్ళలోనూ మిరపకాయలే. అందుకని మావారు, పెళ్ళయ్యాక మొదటిసారి, హోటల్లో గది తీసుకున్నారు.

లిఫ్టు కదలగానే మా అమ్మాయి "అమ్మా, గది పైకి పోతందే!" అని నా కొంగు పట్టుకుంది. నవ్వాను గానీ, నేనూ మావారి చెయ్యి పట్టుకున్నాను. కుళాయి తిప్పితే వేడినీళ్ళు, మంచం మీద మల్లెపువ్వులాంటి దుప్పట్లు. అయినా, ఎవరెవరో కప్పుకున్నవి పిల్లలకు కప్పుతావా అని అత్తయ్య సంచిలో కుక్కి పంపిన బొంతే పరిచాను.

తలుపులు మూసి ఏసీ వేశామో లేదో మావారు తుమ్మారు, అమ్మాయి తుమ్మింది, ఆ వెంటనే పిల్లవాడికి కూత మొదలైంది. వాకిట్లో కాయల పక్కనే ఆరిన ఆ బొంతలో, ఇంట్లో మాకెప్పుడూ తెలియని కారమంతా మాతోపాటే వచ్చేసింది! మావారు దాన్ని చుట్టుకుని కిందికి పరుగెత్తారు. కౌంటర్లో కూర్చున్నాయన తుమ్ముతూ "ఏం తెచ్చారండీ ఇందులో?" అని అడిగితే మావారు, "మా అమ్మ ప్రేమండీ, వెళ్ళేదాకా దాచండి" అన్నారట.

వాడికి మందు పీల్పించి, గుండెకు ఆనించుకుని కూర్చున్నాను. ఎప్పుడు కునుకు పట్టిందో, తెల్లవారి కళ్ళు తెరిస్తే పక్కన వాడు లేడు. గదిలో కూత లేదు. ఆ నిశ్శబ్దానికి నా ప్రాణం పోయినంత పనైంది.

తెర వెనక కనిపించాడు, నిలువెత్తు గాజు కిటికీకి ముఖం ఆనించి. బయట పొగమంచు. కృష్ణ లేదు, వంతెన లేదు, అవతలి తాడేపల్లి లేదు. ఆ తెల్లదనంలోంచి ఒక రైలు ఆకాశం మీద నడిచినట్టు వచ్చి వెళ్ళిపోయింది. వాడు గాజు మీద ఊదుతున్నాడు, మసక వలయం పడుతోంది, చేత్తో తుడిచి మళ్ళీ ఊదుతున్నాడు.

"అమ్మా, నేనూ మంచు చేత్తన్నా!"

అన్నాళ్ళూ వాడి ఊపిరిని భయంతో వినడమే తప్ప కళ్ళతో చూడలేదు. అంత పెద్ద నది మీది మంచూ, నా బిడ్డ నోట్లోంచి వచ్చిన ఆ గుప్పెడు మంచూ ఒకటే అనిపించి, వాడి పక్కనే కూలబడ్డాను.

ఇప్పుడు కాయలు పొలంలోనే ఎండి కోల్డ్ స్టోరేజీకి వెళ్తున్నాయి. మా వాకిలి బోసిగా ఉంది. వాడికి ఎనిమిదేళ్ళు. ఆ గదీ, ఆ మంచూ వాడికి గుర్తే లేవు. ఇందాక లోపలికి వెళ్ళి చూశాను. బొంతలో ఘాటు లేదు. ఒకప్పుడు వంటింట్లోకి వినపడిన ఊపిరి వినాలంటే ఇప్పుడు ముఖం మీదికి వంగాలి. వంగితే "పో అమ్మా" అని నిద్రలోనే తోసేశాడు. అంత దగ్గరికి రానిచ్చే రోజులు కూడా ఇంకెన్నో ఉండవు.